అద్దం బల్ల మీద సర్వే చదువు

మా శాఖలో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతుంటారు, తనిఖీకి వెళ్తే ముందుగా ఏ రిజిస్టరు చూడాలని. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల తప్పేం లేదు. ఉద్యోగంలో మొదటి ఎనిమిదేళ్లూ నేనూ అదే అడిగాను, అదే చూశాను. నా కోపం ముందుగా నా మీదే, ఆ తర్వాత మిగతావాళ్ల మీద. ఆ మిగతావాళ్ల సంగతి కూడా దాచకుండానే రాస్తాను.

సాంకేతిక కోర్సులు నడిపే సంస్థలకు వెళ్లి, అక్కడ చదువు ఎలా ఉందో చూసి, గుర్తింపు కొనసాగించవచ్చో లేదో రాయడం నా పని. నేను ఎక్కిన మెట్ల గురించి, తిరిగిన జిల్లాల గురించి ఎవరికీ అక్కర్లేదు. ఒక్క కోర్సు గురించి, ఒక్క విద్యార్థి గురించి చెబితే చాలు.

లుక్మీలు, రిజిస్టర్లు

యాభయ్యారులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఈ ఉద్యోగంలో చేరాను. మా ఆఫీసు ఆబిడ్స్‌లో ఒక కిరాయి మేడ మీద ఉండేది. కింద బట్టల దుకాణం, పైన మేము. మాది సుల్తాన్ బజార్‌లో తాతల నాటి నుంచి గుమాస్తా పనులు చేసుకుంటూ వచ్చిన కుటుంబం. కాగితం అంటే ఇంటిల్లిపాదికీ భక్తి. దస్తూరీ శుభ్రంగా ఉంటే పని కూడా శుభ్రంగా జరిగినట్టేనని నమ్మే ఇంట్లో పెరిగాను. ఆ నమ్మకం నన్ను ముంచితే పోనీ అనుకోవచ్చు, మరో మనిషిని ముంచింది.

తనిఖీ ఎలా జరిగేదో చెబుతాను. పొద్దున పది గంటలకు వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర నిలబడి ఉండేవాడు. హాజరు పట్టీ, ఫలితాల పట్టీ, సామాను జాబితా బల్ల మీద సిద్ధంగా ఉండేవి. పదకొండింటికి ఇరానీ చాయ్, కీమా కూరి వేయించిన వేడి వేడి లుక్మీలు వచ్చేవి. తర్వాత విద్యార్థుల ప్రాజెక్టు రికార్డులు కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టేవారు. నాలుగు రికార్డులు తిరగేసి, గీతలు సన్నగా ఉన్నాయా, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా అని చూసి, భోజనం వేళకు తిరిగి వచ్చేవాణ్ని.

నాంపల్లిలో ఒక సంస్థ సర్వేయర్ల సర్టిఫికెట్ కోర్సు నడిపేది. పేరు రాయను. చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి. సంస్థ వెనకున్న ఖాళీ జాగానూ, చుట్టూ ఉన్న కట్టడాలనూ గొలుసుతో కొలిచి, ఆ కొలతలు ఫీల్డు పుస్తకంలో రాసుకుని, వాటిని బట్టి పటం గీయాలి. అక్కడికి నేను రెండు తనిఖీలకు వెళ్లాను. నాకు చూపించినవి ఏడాదికి ముప్పై పటాలు, ముప్పయ్యీ ఒక్కలాగే ఉండేవి. ఇంతమందికి ఇంత కచ్చితంగా నేర్పారంటే వీళ్లు గొప్ప గురువులని మురిసిపోయి, రెండుసార్లూ ‘సర్వే శిక్షణ మిక్కిలి సంతృప్తికరం’ అని రాశాను. ముప్పై మంది ఒకే జాగాను నిజంగా కొలిస్తే ముప్పై పటాలు ఒక్కలా రావన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

మెట్లెక్కి వచ్చిన మనిషి

రెండో తనిఖీ అయిన కొన్నాళ్లకు, ఫలితాలు వచ్చిన వారంలో, ఒకతను చుట్టిన పటం, ఫీల్డు పుస్తకం చంకలో పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. పేరు మల్లేశం. ముప్పైకి దగ్గర పడిన మనిషి. నల్లగొండ వైపు పల్లె నుంచి తల్లిదండ్రులు కూలి పనికి పట్నం వస్తే వాళ్లతో వచ్చాడట. రోడ్లు వేసే ఆఫీసులో గొలుసు పట్టే పని, తొమ్మిదేళ్లుగా అదే. ఆఫీసువాళ్ల అనుమతితో ఆ నాంపల్లి సంస్థలో కోర్సు చదివాడు. అన్నీ పాసై ప్రాజెక్టులో తప్పాడు.

“సార్, ఇంతమందిల నేనొక్కన్నే ఫేలైన. కొలుసుడు రానోన్ని ఫేల్ జేస్తె బాధ లేకుండె. తొమ్మిదేండ్ల సంది గొలుసు వట్టుకొనే బత్కుతున్న. నేనేం తప్పు జేసిన్నో జర సూసి చెప్పుండ్రి,” అన్నాడు.

“ఆ సంస్థను నేనే తనిఖీ చేసిన. ముప్పై మందికి వచ్చింది నీ ఒక్కనికి రాలేదంటె తప్పు ఎవరిది?” అన్నాను.

అతను పటం విప్పబోయాడు. నేను విప్పనివ్వలేదు.

“మా ఆఫీసుల సర్వేయర్ కొలువు ఖాళీ ఉంది సార్. మూన్నెల్ల లోపట సర్టిఫికెట్ దాఖల్ జెయ్యాలె. లేకుంటె బయటోల్లకు ఇస్తరట. మల్ల నాకు గసుంటి మోఖా రాదు.”

“పై సంవత్సరం మళ్లీ రాసుకో,” అని ఫైలు వైపు తిరిగాను. ఈ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చినా చెంప మీద కొట్టినట్టే ఉంటుంది. పై సంవత్సరం వరకు ఆ కొలువు ఆగదని అతను చెప్పాక కూడా అన్నాను.

రోల్ నంబర్ సున్నా

చెక్క గోడకు అవతల కూర్చున్న మా పై అధికారి గిర్ధర్ రాయ్ గారు ఇదంతా విన్నారు. మేమంతా రాయ్ సాబ్ అనేవాళ్లం. తరాలుగా పాత సర్కారు కొలువులు చేసిన కుటుంబం ఆయనది. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మల్లేశాన్ని వెనక్కి పిలిచి, పటమూ ఫీల్డు పుస్తకమూ తీసుకుని, విప్పి చూడకుండానే అల్మారాలో పెట్టి తాళం వేశారు. అతణ్ని పంపించి నా వైపు తిరిగారు.

“శంకర్రావ్, గాడ నువ్వేం జూసినవ్?”

“రికార్డులు జూసిన సాబ్.”

“ఆ రికార్డు ఎట్ల తయారైతదో జూసినవా?”

“లేదు సాబ్.”

“రేపటి సంది నువ్వు గాడ విద్యార్థివి. రోల్ నంబర్ సున్నా. ఫర్జీ విద్యార్థివి, ఫర్జీ ప్రాజెక్టు, రెండూ ఉత్తుత్తివే. వాళ్లకిచ్చే సామానే నీకు, వాళ్లకు చెప్పే పాఠమే నీకు. నీకు వేరేగ ఏం తెలిసినా తెల్వనట్టే ఉండాలె. రోజూ ఏం దొరికింది, ఏం దొరకలేదు, రాసుకొని రా. ఆ పటం నువ్వు గీసినంక మల్లేశం పటం విప్పుదాం. అప్పటిదాంక నేనూ జూడ, నువ్వూ జూడొద్దు.”

నాకు తలకొట్టేసినట్టయింది. అంత వయసొచ్చాక, నా సంతకంతో సంస్థలు నడుస్తున్న రోజుల్లో, నన్ను బడికి పంపుతున్నాడని కుమిలిపోయాను. కోర్సును అంచనా వేసే పద్ధతి నాకు నేర్పిన మనిషి ఆయనొక్కడే. అది నాకు అప్పుడు అవమానంగా కనబడింది.

మొదటి రోజు సామాను గదికి వెళ్లి గొలుసు అడిగాను. స్టోర్ కీపర్ నన్ను ఎగాదిగా చూసి, “గొలుసు ఎందుకు సార్?” అన్నాడు. సర్వే నేర్పే చోట సామాను కాపలా కాసే మనిషి అడిగిన ప్రశ్న అది. తాళంచెవి వెతకడానికే ఒక పూట పట్టింది. గోనెసంచిలోంచి తీసిన గొలుసుకు కొత్త గ్రీజు చాలా చోట్ల అలాగే ఉంది. అది మీటర్ల గొలుసు. ప్రభుత్వం మీటర్ల కొలత తెచ్చినప్పుడే పాత అడుగుల గొలుసులు వాపసు ఇచ్చేశామని అతనే చెప్పాడు.

సామాను తీసుకున్నవాళ్లు సంతకం చేసే పుస్తకం అడిగాను. మీటర్ల గొలుసు వచ్చిన నాటి నుంచి అందులో ఒక్కడి సంతకాలే ఉన్నాయి. అవి మల్లేశంవి.

“శనివారం సాయంత్రం తీస్కపోయి సోమారం తెచ్చిచ్చెటోడు సార్. ఐతారం నాడు పెండ్లాన్ని తోల్కొచ్చి వెనక జాగల కొలుసుకునేది. ఆమె ఒక కొస వట్టుకునేది,” అన్నాడు స్టోర్ కీపర్.

అప్పుడు తట్టింది నాకు. రెండు తనిఖీల్లో నేను మెచ్చుకున్న ఫీల్డు పుస్తకాల్లో కొలతలన్నీ అడుగుల్లో ఉన్నాయి. ఆ సంస్థలో అడుగుల గొలుసే లేదు. ఎండలో నిలబడి పెన్సిలుతో రాసుకోవాల్సిన పుస్తకాలు సిరాతో, ఒక్క మరక లేకుండా, పెళ్లి శుభలేఖల్లా ఉన్నాయి. అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి, నేను దస్తూరీ చూశాను.

అద్దం కింద బల్బు

టైంటేబులులో బయట కొలిచే పనికి ఇచ్చింది మూడే రోజులు. మా ఆఫీసు చప్రాసీ గొలుసు రెండో కొస పట్టుకుంటే, పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. మూడు రోజుల్లో జాగాకు ఒక పక్క కూడా పూర్తి కాలేదు. పాఠం చెప్పే నర్సింగరావు వరండాలో నిలబడి నా అవస్థ చూస్తూ ఉండేవాడు. మొదటి రెండు రోజులూ ‘సార్ సార్’ అంటూ కుర్చీ తెప్పించాడు. మూడో రోజుకు నేను ఇన్‌స్పెక్టర్‌ననే సంగతి మరిచిపోయినట్టున్నాడు.

“గీ ఎండల ఎందుకు సార్ తిప్పలు? రాండ్రి, పాత పటం ఇస్త. అద్దం మీద వెట్టి దించుకోండ్రి. ఒక్క పూటల అయిపోతది,” అన్నాడు.

లోపలికి తీసుకెళ్లి చూపించాడు. పెద్ద అద్దం పరిచిన బల్ల, కింద బల్బు. అద్దం మీద పాత పటం, దాని మీద తెల్లకాగితం పెట్టి బల్బు వేస్తే కింది గీతలన్నీ పైకి కనబడతాయి. వాటి మీద గీసుకుంటూ పోవడమే. ఆ సంస్థలో రోజూ తుడిచి, జాగ్రత్తగా చూసుకునే సామాను ఆ ఒక్క బల్లే. పాత పటాన్ని ఎప్పుడో ఒక మాస్టరు గీశాడట. దానికి ‘ప్రామాణిక పటం’ అని పేరు. పటం దించాక దాని మీద స్కేలు పెట్టి దూరాలు చూసి, ఆ అంకెలతో ఫీల్డు పుస్తకం నింపుతారు. ముందు పటం, తర్వాత కొలతలు. పంట కోసుకున్నాక దుక్కి దున్నినట్టు.

“ఇది మీకు తప్పనిపిస్తలేదా?” అని అడిగాను.

“అనిపిస్తది సార్. నన్నేం జెయ్యమంటరు? రెండేండ్ల పిల్లలు కలిసి అరవై మందికి నేనొక్కన్ని. గొలుసు ఒకటి. రోజులు మూడు. నిజంగ కొలిపిస్తె సగం మంది తప్పుతరు. తప్పితె ఫలితాలు తగ్గినయని మీరే వచ్చి గుర్తింపు తీసేస్తరు.”

నర్సింగరావును నేను క్షమించలేదు. కాని అతని మాటలో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకలేదు. ఎంతమంది పాసయ్యారని మేము అడిగాం, వాళ్లు పాస్ చేయించి చూపించారు. ఏం నేర్చుకున్నారని మేము అడగలేదు.

ప్రాజెక్టు పూర్తి చేయడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. కాళ్లకు బొబ్బలెక్కాయి. గీసిన పటం పట్టుకుని ఆబిడ్స్‌కు వెళ్తే రాయ్ సాబ్ అల్మారా తాళం తీసి మల్లేశం పటం విప్పారు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాం. గీత మీద గీత కూర్చుంది. ఒక్క మూల దగ్గర మాత్రం నా గోడ పక్కకు పోయింది. మర్నాడు వెళ్లి మళ్లీ కొలిచాను. మల్లేశం రాసిందే సరైనది, తప్పింది నేను.

ఊహాజనితమైన షెడ్డు

మల్లేశం మార్కుల కాగితం మీద బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మూడు ముక్కలు రాశాడు. ప్రామాణిక పటంతో సరిపోలలేదు. ఫీల్డు పుస్తకంలో కొట్టివేతలు ఉన్నాయి. ఈశాన్యంలో చూపిన షెడ్డు ఊహాజనితం.

సరిపోలకపోవడానికి కారణం పసిపిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. పాత పటం అంగుళానికి నలభై అడుగుల లెక్కన గీసింది. మల్లేశం మీటర్ల గొలుసుతో కొలిచి, సెంటీమీటరుకు ఐదు మీటర్ల లెక్కన గీశాడు, నేనూ అంతే. ఆ లెక్కన పటం కాస్త చిన్నదిగా వస్తుంది. అద్దం మీద పెడితే ఒక అంచు కలిసినా రెండో అంచుకు వచ్చేసరికి అర అంగుళం తేడా కనబడుతుంది. స్కేలు ఎంతో పటం అడుగున రాసే ఉంది.

ఆ పరీక్షకుణ్ని సంస్థకు పిలిపించాను. రిటైరైన ఇంజనీరు, పెద్దమనిషి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం.

“పటం కింద స్కేలు రాసి ఉంది. చదివిన్రా సార్?” అని అడిగాను.

“ఇన్నేండ్ల అనుభవం నాది. పటం జూస్తె తెల్వదా? అద్దం మీద వెడితె ముప్పై కలిసినయి, గిదొక్కటి కలువలే,” అన్నాడాయన.

“మీ స్కూటర్ ఎక్కడ పెట్టిన్రు?”

“ఎప్పుడు పెట్టే కాడనే. వెనక షెడ్డుల.”

“ఏ షెడ్డుల సార్?”

ఆయన నా వైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి ఈశాన్యం మూలకు చూశాడు. ఆ షెడ్డు కట్టి రెండేళ్లయింది. పరీక్ష రోజున కూడా ఆయన స్కూటర్ దాని కిందే ఉంది. దించుకున్న ముప్పై పటాల్లో ఒక్కదానిలోనూ ఆ షెడ్డు లేదు, వాటికి మాత్రం మార్కులు పడ్డాయి. ఉన్నది ఉన్నట్టు గీసినవాణ్ని ఊహించి గీశాడని ఫెయిల్ చేశాడు.

ఇక ఒప్పుకుంటారు అనుకున్నాను. ప్రిన్సిపాల్ నిదానంగా సొరుగు తీసి రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. నా తనిఖీ రిపోర్టులే.

“మిక్కిలి సంతృప్తికరం అని మీరే రాసిన్రు కద సార్. ఇప్పుడు మా పద్ధతి తప్పంటె, మీది గూడ తప్పే ఐతది,” అన్నాడు.

“ఔ, నాది తప్పే. రాసిస్త,” అన్నాను. రాసిచ్చాను కూడా. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకోగల కాగితం అదొక్కటే.

సిఫారసుకు పట్టిన గతి

రిపోర్టులో మూడు సంగతులు అడిగాను. మల్లేశాన్ని వెంటనే పాస్ చేయాలి. మిగతా ముప్పై మందితో ప్రాజెక్టు మళ్లీ చేయించాలి. కొలిచే పనికి సరిపడా రోజులు, గొలుసులు, మాస్టర్లు లేకుండా కోర్సు నడపనివ్వకూడదు. రాయ్ సాబ్ దాన్ని మల్లేశం పటం, పుస్తకంతో సహా ఆ రోజే పైకి పంపారు. మల్లేశం గడువుకు అప్పటికి ఇంకా ఆరు వారాలుంది.

పైన ఒక కమిటీ కూర్చుంది. ఒకే అధికారి ఒకే సంస్థ గురించి రెండు రకాలుగా రాశాడు గనక ముందు ఆ సంగతి తేలాలన్నారు. నన్ను పిలిచారు, ప్రిన్సిపాల్‌ను పిలిచారు, వాయిదా వేశారు. మల్లేశం మధ్యమధ్య మా మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. నేను తల అడ్డంగా ఊపితే దిగి వెళ్లేవాడు. ఎవరూ అతని పటం విప్పి చూడలేదు. కమిటీలో ముగ్గురు ఇంజనీర్లుండి కూడా నాంపల్లి దాకా వెళ్లి ఒక గోడ కొలిచి చూద్దామన్నవాడు లేడు.

ఆరు నెలలకు ఒక పంక్తి ఉత్తర్వు వచ్చింది. మానవతా దృక్పథంతో మల్లేశానికి కనీస మార్కులిచ్చి పాస్ చేయడమైనది అని. ముప్పై ఒక్క మందిలో పని వచ్చినవాడు ఒక్కడుంటే, వాడికి దయ చూపించారట. దించుకున్నవాళ్ల మార్కులు ఒక్కటీ తగ్గలేదు. మల్లేశం ఆఫీసులో ఖాళీగా ఉన్న సర్వేయర్ కొలువు అప్పటికే ఆ ముప్పై మందిలో ఒకడికి, మొదటి తరగతిలో పాసైన కుర్రవాడికి, ఇచ్చేశారు.

మరుసటి ఏడాది తనిఖీకి నేనే వెళ్లాను. రాయ్ సాబ్ అప్పటికి రిటైరయ్యారు. ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడి, “మీ సిఫారసు అమలు చేసినం సార్,” అన్నాడు. ముప్పై పటాలు తెచ్చి పెట్టారు. అన్నీ మీటర్లలో ఉన్నాయి. అన్నింట్లోనూ షెడ్డు ఉంది. ఫీల్డు పుస్తకాలు పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి తిరగేస్తుంటే, ప్రతి పుస్తకంలోనూ ఏడో పేజీలో ఒకే అంకె, ఒకేలా కొట్టేసి పక్కన మరో అంకె రాసి ఉంది. మల్లేశం పటాన్నీ పుస్తకాన్నీ కమిటీ సంస్థకు వాపసు పంపితే, వాటినే కొత్త ప్రామాణికం చేసుకున్నారు. అద్దం బల్ల, కింద బల్బు ఎక్కడివక్కడే ఉన్నాయి.

లుక్మీలు ముట్టకుండా లేచి వచ్చి, గుర్తింపు రద్దు చేయాలని రాశాను. రద్దు కాలేదు. మెరుగుపరుచుకోవడానికి రెండేళ్ల గడువిచ్చారు. రెండేళ్ల తర్వాత మరో రెండేళ్లు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ కోర్సుకు వెళ్లినా మీరే రోల్ నంబర్ సున్నా అవండి. వాళ్లిచ్చే సామానుతో, వాళ్లిచ్చే రోజుల్లో, ఆ పిల్లలు చేయాల్సిన పని మీ చేత్తో చేయండి. అది చేతకాకపోతే సంతకం పెట్టకండి. మీ సంతకం రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకు తెలియదు.

ఆ ఏడో పేజీలు చూసి వచ్చిన ఎండాకాలంలోనే అఫ్జల్‌గంజ్‌లో, మూసీ వైపు పోయే రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీస్తుంటే మల్లేశం కనబడ్డాడు. గొలుసు పట్టుకుని ఉన్నాడు. కొత్త సర్వేయర్ గొడుగు కింద పుస్తకంతో నిలబడి ఉన్నాడు. నేను పక్కకు పిలిచి, నాంపల్లిలో చూసింది చెప్పాను.

“ఏడో పేజీ గూడ దించిన్రా సార్?” అని అడిగాడు.

“ఔ. కొట్టేసిందిగూడ అట్లనే దించిన్రు.”

“గాడ నేను కొలుస్తుంటె కట్టెల బండొకటి వచ్చి గొలుసు మీద నిలవడ్డది. గొలుసు జరిగింది. గందుకని కొట్టేసి మల్ల కొలిచిన.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “అంటె ముప్పై మందికీ గదే బండి అడ్డమొచ్చిందన్నట్టు.”

నేను నవ్వాను. అతను నవ్వలేదు. అంతలో గొడుగు కిందినుంచి పిలుపు వచ్చింది.

“మల్లేశం, గీ బిళ్ల అయిదా, పదిహేనా?”

ఇరవై మీటర్ల ఆ గొలుసుకు అక్కడక్కడ ఇత్తడి బిళ్లలు వేలాడుతుంటాయి. ఈ కొస నుంచి ఐదు మీటర్ల దగ్గరా, ఆ కొస నుంచి ఐదు మీటర్ల దగ్గరా ఉండే బిళ్లలు ఒకేలా ఉంటాయి. ఎటునుంచి లెక్కపెట్టాలో తెలియనివాడికి ఐదు పదిహేనవుతుంది, పదిహేను ఐదవుతుంది. గొలుసు చేత పట్టించిన మొదటి గంటలో నేర్పే పాఠం అది.

“వస్తున్న సార్,” అన్నాడు మల్లేశం. వెళ్లి, బిళ్ల పట్టుకుని చూసి, “పదిహేను రాసుకోండ్రి,” అన్నాడు. మొదటి తరగతి కుర్రవాడు తల ఊపి పుస్తకంలో పదిహేను అని రాసుకున్నాడు.